యోబు గ్రంథము – హరిశ్చంద్రోపాఖ్యానము

నీతిమంతునకు కష్టము లేల కలుగవలె నను ప్రశ్న సర్వజాతుల వాఙ్మయములందును గలదు. తెలుగువారి హరిశ్చంద్రకథయు, హీబ్రూవారి యోబు గ్రంథమును ఆ ప్రశ్ననుండి పుట్టినవే. ఈ రెంటికిని గల సామ్యము తేలికగా గోచరించును. భేదమును విచారించినగాని యోబుయొక్క విశ్వాస మెట్టిదో తేటపడదు.

మొదట సామ్యము. 15వ శతాబ్దివాడగు గౌరన ద్విపదకావ్యమున, ఇంద్రసభలో వసిష్ఠుడు హరిశ్చంద్రుని సత్యవ్రతమును కొనియాడగా విశ్వామిత్రుడు కాదని పరీక్షకు బూనును. యోబు కథకును దేవసభయే నాంది. ఫలాపేక్ష లేక యితడు భక్తి చూపునా యని అపవాది శంకించి పరీక్షకు అనుజ్ఞ వడయును. అచ్చట రాజ్యము పోవును, ఆలుబిడ్డ లమ్ముడుపోవుదురు. ఇచ్చట 7,000 గొఱ్ఱెలు, 3,000 ఒంటెలు, పదుగురు బిడ్డలు ఒక్కదినముననే పోవుదురు.

ఇక భేదము. హరిశ్చంద్రుడు తానిచ్చిన మాటకు బద్ధుడు. తన కష్టమునకు హేతు వతడెఱుగును. ఋణము తీర్చుటయే కర్తవ్యము. యోబునకు ఋణమును లేదు, హేతువును దెలియదు. కావున నాతని ధర్మము సహనము, ఈతని ధర్మము ప్రశ్న. సహనమునకు యోబును దృష్టాంతముగా జెప్పుట పరిపాటి. కాని 42 అధ్యాయముల గ్రంథమున నా సహనమూర్తి మొదటి రెండింటనే కానవచ్చును. మూడవ యధ్యాయము మొదలు తాను పుట్టిన దినమును శపించుచు, దేవునితోనే వ్యాజ్యెమాడ గోరు మనుజుడు మాటలాడును.

ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మిత్రులు దేవుని పక్షమున వాదింతురు. కష్టము పాపఫలము, నీవు కష్టపడుచున్నావు, కావున పాపివి — ఇదియే వారి తర్కము. తుదను సుడిగాలినుండి దేవుడు పలికి, సృష్టిమహిమను జూపి యోబును నిరుత్తరుని జేయును. కాని యతడు పాపియని యనడు, కష్టహేతువును జెప్పడు. కోప మంతయు మిత్రులపైననే. వారు యోబువలె యుక్తముగా బలుకలే దనియు, అతని ప్రార్థనవలననే వారికి క్షమ యనియు తీర్పు. ప్రశ్నించినవాడు భక్తుడు, దేవుని సమర్థించినవారు దోషులు! ఈ గ్రంథమున దైవతీర్పనగా నిదియే.

వాదముల నడుమ 28వ యధ్యాయము గనివర్ణనము. మానవుడు చీకటిని గెలిచి, జనసంచారము లేనిచోట సొరంగము ద్రవ్వి, త్రాటికి వ్రేలాడుచు లోనికి దిగును. డేగకన్నైన గాంచని త్రోవ యది. నేలపై పంట, నేలక్రింద మంట. వెండి బంగారములు, ఇనుము దొరకును. జ్ఞానము మాత్రము దొరకదు. అందు బొగ్గు ప్రసక్తి లేకున్నను, మంచిర్యాల జిల్లా కాసిపేటవంటి సింగరేణి గనుల యూళ్లలో దీనికి వ్యాఖ్యాన మక్కఱలేదు. అచ్చటివారు గనిని 'బాయి' యందురు. బాయిలోనికి దిగినవాడు తిరిగి వచ్చువఱకు ఇంటివారి కన్ను త్రోవమీదనే యుండును.

అట్టిచోట నీ గ్రంథము కేవలము పురాకథ కాదు. పైకప్పు కూలి యొకడు మడిసినప్పుడు 'వాని కర్మ', 'వాని పాపము పండెను' అనుట సులభము. అది ఎలీఫజు వాక్యమే. ఆ వాక్యము వెలువడినంతనే, కప్పునకు ఊత చాలెనా, లోన గాలి యాడెనా యని యడుగవలసిన నోళ్లు మూతపడును. మృతునిపై మోపిన పాపము జీవించియున్నవారి బాధ్యతను గప్పిపుచ్చును.

కథాంతములందును గొప్ప భేదము గలదు. లోహితాస్యుడు మఱల బ్రదికెను. హరిశ్చంద్రునకు పోయినదంతయు దక్కెను. యోబునకు పశుసంపద రెట్టింపైనది. బిడ్డలు మాత్రము మునుపటివలెనే పదుగురు పుట్టిరి. చచ్చినవారు తిరిగి రాలేదు. సంపద రెట్టింపగుటను జూచి యిది సుఖాంత మనువారు ఈ లెక్కను గమనింపరు. కడుపుకోతకు పరిహారము లేదని యెఱిగియు ఆ తండ్రి జీవితమును మఱల చేపట్టెను. అతని విశ్వాస మంతయు నందే యున్నది.