పురుగుమందు డబ్బామీది రాత

కథలకు, కావ్యాలకు విమర్శకులున్నారు. పురుగుమందు డబ్బామీద అంటించిన చీటీకి, లోపల మడిచిపెట్టిన కరపత్రానికి మాత్రం ఇంతవరకు విమర్శకుడు దొరకలేదు. కాని తెలుగునాట మనిషి ప్రాణం చదువుమీద ఆధారపడే రచన ఏదైనా ఉన్నదంటే అది ఇదే. రచనగా దానిని పరిశీలించవలసిన అవసరం ఉన్నది.

ఈ రచనకు ఛందస్సు చట్టమే నిర్ణయించినది. 1968 నాటి కీటకనాశనుల చట్టం, 1971 నాటి నిబంధనల ప్రకారం ప్రతి డబ్బామీద మూలమీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉండాలి. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ప్రయోగశాలలో ఒక జంతుసమూహంలో సగాన్ని చంపగల మోతాదును, జంతువు బరువు కిలో ఒక్కింటికి ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగడతారు. నోటి ద్వారా ఇచ్చినపుడు ఆ అంకె 50 లోపల ఉంటే ఎరుపు, 51 నుండి 500 వరకు పసుపు, 501 నుండి 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. అంకె ఎంత చిన్నదైతే విషం అంత తీవ్రమన్నమాట. పుర్రె, ఎముకల బొమ్మ ఎరుపు తరగతికి మాత్రమే. పసుపు తరగతిలో 'విషం' అన్న మాట మిగులుతుంది, పుర్రె మాయమవుతుంది. అక్షరం రానివాడికి రెండవ తరగతి విషం విషంగా కనబడదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మన భాషలోనే ఉన్నది. తెలుగులో 'పచ్చ' అంటే పసుపుపచ్చా కావచ్చును, ఆకుపచ్చా కావచ్చును. నాలుగు రంగులలో రెండవ ప్రమాదస్థానానికీ, అతి తక్కువ ప్రమాదానికీ వాడుకలో ఒకే మాట! హైదరాబాదు హైటెక్ సిటీలో ఒక మేడమీద కూర్చున్న కుమారునికి జనగామ ప్రక్క పల్లెనుండి తండ్రి ఫోను చేసి, "డబ్బామీద పచ్చ గుర్తున్నదిరా, కొట్టొచ్చునా?" అని అడిగినాడనుకుందాం. ఇంగ్లీషులో ఎంత పెద్ద కార్యక్రమమైనా వ్రాయగల ఆ ఇంజనీరు, "ఏ పచ్చ నాయనా?" అని ఎదురు ప్రశ్న వేయకపోతే ఆ జవాబుకు విలువ లేదు. నిబంధనలు వ్రాసినవారికి తెలుగు రాకపోవడం తప్పు కాదు. తెలుగులోనికి దించినవారు గమనించకపోవడం తప్పే.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. వరంగల్లు ప్రాంతపు పత్తిరైతుల మరణవార్తలు పత్రికలనిండా వచ్చినదీ ఆ ఏడాదే. 1997 నుండి 2002 వరకు వరంగల్లు ప్రభుత్వాసుపత్రిలో పురుగుమందు విషంతో చేరినవారు 8040 మంది అని ఒక పరిశీలన తెలిపినది. నూటికి 22 మందికి పైగా దక్కలేదు. వారిలో అత్యధికులు కష్టాలు తాళలేక తమకు తామే హాని చేసుకున్నవారు. ఆ దుఃఖానికి చీటీలో జవాబు వెదకడం న్యాయం కాదు. అయితే ఆసుపత్రి గుమ్మంలో వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నకు, అనగా "ఏ మందు?" అన్నదానికి, జవాబు చీటీలోనే ఉన్నది. అక్కడ వ్యాపారనామం పెద్ద అక్షరాలలో, రసాయననామం చిన్న అక్షరాలలో ఉంటే వైద్యునికి కావలసినదే కనబడదు.

ఆ పేరు ఎందుకు ముఖ్యమో విద్యార్థులు తెలుసుకోవాలి. నరం కండరానికి ఆజ్ఞ అందించేటపుడు ఎసిటైల్‌కోలీన్ అనే పదార్థం వెలువడుతుంది. పని తీరగానే దానిని ఒక ఎంజైము విరగగొడుతుంది. ఆర్గానోఫాస్ఫేటు మందులు ఈ ఎంజైమును పట్టి బంధిస్తవి. అప్పుడు ఆజ్ఞ ఆగదు: చెమట, చొంగ, కన్నీరు కారుతవి, కంటిపాప సూదిమొనంత అవుతుంది, కండరాలు అదురుతవి, చివరకు ఊపిరి అందదు. దీనికి అట్రోపిన్ విరుగుడు. ఎండోసల్ఫాన్ వంటి క్లోరిన్ జాతి మందుకు అది విరుగుడు కాదు. అక్కడ మూర్ఛలను అదుపు చేయాలి. (ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసినది.) కాబట్టి రోగితోపాటు డబ్బానో చీటీనో ఆసుపత్రికి పోవాలి.

కరపత్రంలో అతి ప్రమాదకరమైన వాక్యం మరొకటి. మింగినవారికి గొంతులో వేలుపెట్టి వాంతి చేయించమని అనేక కరపత్రాలు చెబుతూ వచ్చినవి. పల్లెలో ఉప్పునీళ్లు తాగించడం కూడా ఈ సలహాకు తోబుట్టువే. నేటి వైద్యం దీనిని అంగీకరించదు. చాలా మందులు జైలీన్ వంటి నూనెజాతి ద్రావకాలలో కలిపి ఉంటవి. వాంతితో అవి ఊపిరితిత్తులలోనికి జారితే రెండవ ప్రమాదం తెచ్చిపెట్టుకున్నట్లే. చేయవలసినది వేరు: మందు ఉన్నచోటునుండి మనిషిని దూరంగా గాలిలోనికి తేవాలి; తడిసిన బట్టలు విప్పి ఒంటిని సబ్బుతో, ధారాళమైన నీటితో కడగాలి; కంట్లో పడితే పదిహేను నిమిషాలపాటు కడుగుతూనే ఉండాలి; స్పృహ తప్పితే ఎడమప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి; 108కి ఫోను చేయాలి. కడిగేవారు తమ చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విషసమాచార కేంద్రం 1800 116 117 నెంబరులో సలహా చెబుతుంది.

జాగ్రత్తల భాగం కర్మాగారంలోని పనివానిని ఉద్దేశించి వ్రాసినట్లుంటుంది: రబ్బరు తొడుగులు, బూట్లు, ముఖానికి ముసుగు. ఆశ్వయుజపు ఎండలో తలెత్తు పెరిగిన పత్తిచేలో వీటిని ధరించి చూస్తే రచయితకు తన శైలి తెలిసివచ్చును. ఆదిలాబాదుకు సరిహద్దున ఉన్న యవత్మాల్ జిల్లాలో 2017లో మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా మరణించినారు. చల్లని వేళ గాలివాలున నడవమని, నిండు చేతుల చొక్కా వేసుకోమని, మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదవద్దని, చేత్తో కలపకుండా కర్రతో కలపమని చెబితే కనీసం ఆచరణకు అందుతుంది. మరొకటి: కరపత్రం మందు కొట్టేవానితోనే మాట్లాడుతుంది. నీళ్లు మోసి, మందు కలిపి, ట్యాంకు నింపేది ఆడవారు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాలలో 50 మంది స్త్రీలు తమ ఇళ్లవారిలో కనిపించిన లక్షణాలను నమోదు చేయగా, 323 పర్యాయాలలో నూటికి 83 పైచిలుకు సార్లు విషలక్షణాలు కనబడినవి. కలపడం, నింపడం కూడా కొట్టడమంత ప్రమాదకరమేనని తేలినది.

ఖాళీ డబ్బాను నాశనం చేయమన్న వాక్యం ఒక్కటి మాత్రం క్లుప్తంగా, స్పష్టంగా ఉన్నది. దానిని చదవకపోతే ఏమవుతుందో 2013లో బీహారులోని సారణ్ జిల్లా బడిలో తెలిసినది. మోనోక్రోటోఫాస్ ఉంచిన పాత్రలో పోసిన నూనెతో మధ్యాహ్నభోజనం వండగా 23 మంది పిల్లలు పోయినారు. గచ్చిబౌలి మేడలలో బొద్దింకలమందును శీతలపానీయపు సీసాలో పోసి వంటింటి గట్టుకింద దాచేవారు ఈ వాక్యానికి పల్లెవారికంటె ముందుగా పాఠకులు కావాలి. ఆ సీసాకు చీటీ కూడా ఉండదు.

ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే ఫోను అప్లికేషను తెలుగులో 2017లోనే వచ్చినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ అందులో భాగస్వామి. ఇట్టి పరికరాలను తయారుచేసేవారు ఆకుతోపాటు డబ్బామీది చతురస్రాన్ని కూడా చదివి, అది పసుపుపచ్చయో ఆకుపచ్చయో బిగ్గరగా తెలుగులో పలికేటట్లు చేయడం సాంకేతికంగా పెద్ద పని కాదు. అంతవరకు ఆ పని బడిపిల్లవాడు చేయవచ్చును. ఉపాధ్యాయులు ఎరువుల దుకాణంనుండి వాడని కరపత్రం ఒకటి తెప్పించి, తరగతిలో పైకి చదివించి, ఏ మాట అర్థం కాలేదో నల్లబల్లమీద వ్రాయించి చూడవచ్చును.