గుంటను కొలిచిన వకీలు

లారీ ఇర్వింగ్ నల్లజాతి న్యాయవాది. 1993 నుంచి 1999 దాకా అమెరికా వాణిజ్య శాఖ కింద టెలికం విధానం చూసే సంస్థకు అధిపతి. ఆయన హయాంలో 1995, 1998, 1999ల్లో వచ్చిన ‘ఫాలింగ్ త్రూ ది నెట్’ నివేదికల్ని మేము గౌరవంతోనే చదువుతాం. ఫోను, కంప్యూటర్ ఎవరింట్లో ఉన్నాయి, ఎవరింట్లో లేవు అన్న లెక్కను అవి జాతివారీగా తీశాయి. పేద కుటుంబాల్లో సైతం తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ తేడా ఉందని తేల్చాయి. ‘పేదలు’ అనే గంపగుత్త మాట కింద నల్లవాళ్లు మాయం కాలేదు.

అయితే పేచీ ‘డిజిటల్ అంతరం’ అన్న మాటతోనే ఉంది. అదేదో కేబుల్ వేస్తే పూడిపోయే గుంటలా వినిపిస్తుంది. గుంట తవ్విందెవరన్న ప్రశ్న పక్కకు పోతుంది.

మన దగ్గర గుంటను కొలవడానికే దిక్కులేదు. ట్రాయ్ నెలనెలా ఇచ్చే చందాదారుల లెక్కల్లో పల్లె, పట్నం ఉంటాయి, కులం ఉండదు. ఊళ్లోకొచ్చిన ఇంటర్నెట్టు మాలమాదిగ వాడల దాకా వచ్చిందో లేదో ఆ లెక్క చెప్పదు. కులం అడగని లెక్క కులం లేదని చెప్పడానికే పనికొస్తుంది. అందుకే ఇర్వింగ్ నుంచి కొలతను తీసుకుందాం. ఆయన ఆగిన చోట మనం ఆగొద్దు.