మొలకలు లెక్కపెట్టే చేతులు

అడవి తగలబడితే అందరి చూపూ మంటల మీదే. మంటలు ఆరాక, మసిబారిన మానుల మధ్య మోకాళ్ల మీద కూర్చుని మొలకలు లెక్కపెట్టేవాళ్లను తలచుకునేవాళ్లు తక్కువ. ఆ పనికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అమెరికాలో, ఆరెగాన్ నైరుతి కొండల్లో 2002లో రేగిన బిస్కట్ కార్చిచ్చు దాదాపు 5 లక్షల ఎకరాలను చుట్టేసింది. ఆ తర్వాత వాదన మొదలైంది. కాలిన చెట్లను నరికి అమ్మి మొక్కలు నాటాలా, అడవిని దాని మానాన వదిలేయాలా? తేల్చాల్సింది నేలే.

నేలను అడగడం ఓపిక పని. టేపు పరిచి హద్దు పెట్టుకుని, ఆ పట్టీలో ప్రతి గడ్డిదుబ్బునూ వేళ్లతో పాయదీసి చూడాలి. వేలెడంత లేని డగ్లస్ ఫర్ మొలకను పొదల పిలకల మధ్య గుర్తుపట్టాలి. నేలరాలిన కొమ్మల మందమూ కొలవాలి, రేపటి మంటకు అదే వంటచెరకు. నరికిన చోటా నరకని చోటా కొలిచే పద్ధతి మారకూడదు.

ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి డేనియల్ డొనాటో బృందం బిస్కట్ మంటకు కాలిన నేలలో అలాగే లెక్కపెట్టింది. కాలిన చెట్లను నరకకముందు హెక్టారుకు మధ్యస్థంగా 767 కోనిఫర్ (డగ్లస్ ఫర్ లాంటి శంకుధారి చెట్ల) మొలకలు, నరికాక 224. ఈ లెక్కలతో 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం పెద్ద దుమారమే రేపింది. తొలి ఏళ్ల లెక్కతోనే అడవి భవిష్యత్తు తేలదన్న మాటా న్యాయమైనదే. అందుకే మళ్లీ మళ్లీ వెళ్లి కొలవాలి.

చెట్టు ఎదిగే వేగానికి తమ ఓపికను సరిపెట్టుకున్న ఈ మనుషులు లేకపోతే, అడవుల గురించి మన నిర్ణయాలన్నీ ఊహాగానాలే.