నేత మ్యూజియంలో మాల మగ్గం ఎక్కడ?

పటాన్‌చెరు నుంచి హైదరాబాద్ దాటి అవతలి కొసకు పోతే భూదాన్ పోచంపల్లి. అక్కడి పర్యాటక కేంద్రం, మ్యూజియం చూడవచ్చేవాళ్ళకు ఆ ఊరు రెండు కథలుగా అందుతుంది. ఒకటి చేనేతది. నూలుకు ముందే చిటికి కట్టి, రంగులద్ది, నేసేటప్పుడు పువ్వు తేల్చే ఇక్కత్ పని. 2005లో భౌగోళిక గుర్తింపు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఇచ్చిన ఉత్తమ పర్యాటక గ్రామం బిరుదు. రెండోది భూదానానిది. 1951 ఏప్రిల్ 18న దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు.

మొదటి కథలో కళాకారుడు పద్మశాలి. రెండో కథలో దళితుడు చేయి చాచినవాడు. ఒకరు చేసేటోళ్ళు, ఒకరు పుచ్చుకునేటోళ్ళు. ఈ పంపకం ఎవరు చేశారు?

షెడ్యూల్డ్ కులాల జాబితా తెరవండి. 'మాల సాలె, నేతకాని' అని ఉంటుంది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లోనూ మాలలు ముతక బట్ట నేసేవాళ్ళుగా కనబడతారు. సర్కారు కాగితాలకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే ఇది. రిజర్వేషన్ జాబితాలో ఉన్న మాల నేతగాడు 'వారసత్వం' దగ్గరికొచ్చేసరికి ఏమైపోతున్నాడు?

పురాతనం కాబట్టి ఇక్కత్‌కు పీట వేశారంటే అదీ నిలవదు. పోచంపల్లికి ఆ పని చీరాల వైపు నుంచి గత శతాబ్దంలో వచ్చింది. పట్టు చేరింది 1970 ప్రాంతంలో. అసలు తేడా బట్టది, కట్టుకునేవాళ్ళది. పట్టుచీరను పెట్టెలో దాస్తారు, మనుమరాలి దాకా ఉంటుంది. కూలోళ్ళ ముతక పంచె చెమటకు చివికి, ఆఖరికి బొంతలో అతుకైపోతుంది. కలిగినోళ్ళు దాచుకున్నదే మ్యూజియం చేతికి దొరుకుతుంది.

ఇది పద్మశాలీల మీద ఫిర్యాదనుకుంటే పొరపాటు. వాళ్ళ ఇండ్లల్ల ఆడవాళ్ళ చాకిరీ మాత్రం ఎవరికి కనబడ్డది? ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో యంత్రం చేసినాక గానీ ఆ చెయ్యి రోజుకు ఎన్ని వేలసార్లు తిరుగుతుందో లోకానికి పట్టలేదు. మన ఉమ్మడి మెదక్‌లో సిద్దిపేట గొల్లభామ చీర ఉండనే ఉంది. చల్లకుండ మోసే మనిషి చీర మీద బొమ్మయితేనే ముద్దు!

సంగారెడ్డి కాలేజీల పిల్లలు, పాశమైలారం ఫ్యాక్టరీలకు వలసొచ్చిన కుటుంబాల పిల్లలు పోచంపల్లికి టూరు పోయేముందు తమ వాడలో ముసలమ్మలను అడగాలి. ఆ బొంతలో బట్ట ఎవరు నేసిండ్రు? మగ్గం గుంట ఎవరింట్ల ఉండె? ఎప్పుడు పూడ్చిండ్రు?