విసురువల అంచు

ప్రకాశం బ్యారేజీకి దిగువన, సీతానగరం ఒడ్డున, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఒక తాత విసురువల వేస్తుంటే చూస్తూ ఉండిపోయాను. వల కొస తాడు ఎడమ మణికట్టుకు ముడి. మిగతా తాడు చుట్టలు చుట్టి అదే చేతిలో పట్టుకున్నాడు. వలలో సగం మోచేతి మీద వేసుకుని, గుళ్ళున్న అంచును ఒకచోట పళ్ళతో కరిచిపట్టి, మిగిలింది కుడిచేతికి తీసుకున్నాడు. నడుము ఒక్కసారి తిరిగింది. గాలిలో వల గుండ్రంగా విచ్చుకుంది. సీసపు గుళ్ళన్నీ ఒక్కసారే నీటిని తాకాయి, జల్లు పడ్డట్టు.

ఒడ్డున ఆయన చేత్తో అల్లిన మరో వల ఆరేసి ఉంది. ‘ముట్టుకోవచ్చా తాతా?’ అంటే, ‘చూడు బాబూ, తడిగా ఉంది’ అన్నాడు. వల నడినెత్తిన కొద్ది కళ్ళతో మొదలుపెట్టి, కిందికి దిగేకొద్దీ అదనపు కళ్ళు చేర్చుకుంటూ అల్లాడు. ఆ లెక్క తప్పితే వల గొడుగులా విచ్చుకోదు, ఒక పక్కకు ముడుచుకుపోతుంది. కన్ను కొలతకు వెదురుబద్ద. దాని మీదుగా దారం తిప్పి ముడి వేస్తే ప్రతి కన్నూ ఒక్కలాగే వస్తుంది.

నా మనసు దోచింది మాత్రం అంచు. గుళ్ళ తాడు దగ్గర వలను లోపలికి మడిచి, జానెడుకొకచోట దారంతో ఎత్తి కట్టాడు. దాంతో చుట్టూ సంచుల వరుస ఏర్పడింది. తాడు లాగుతుంటే గుళ్ళు నేలను రాసుకుంటూ దగ్గరకు చేరతాయి. అడుగు నుంచి జారిపోదామనుకున్న చేప నేరుగా సంచిలోకే వెళుతుంది. చేప భయపడితే ఎటు పోతుందో ఎరిగిన మనిషి పని ఇది.

ఈ ఒడ్డున నది తీరు కూడా మనుషులు మార్చినదే. మహాబలేశ్వరం దగ్గర పుట్టి దాదాపు 1,400 కిలోమీటర్లు పారే కృష్ణ, ఇక్కడ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఇరుకున పడుతుంది. అందుకే 1855 నాటికి ఆనకట్ట ఇక్కడే లేచింది. అది 1952లో తెగింది. 1957లో 70 గేట్ల బ్యారేజీ వచ్చింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడమే, కాదనను. కానీ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే చేపకు అది గోడ. దిగువన పులిగడ్డ దగ్గర నది చీలి, హంసలదీవి వైపు పోయేసరికి నీళ్ళు ఉప్పనవుతాయి. అక్కడ పండుగప్ప, రొయ్య. ఇక్కడ బొచ్చె, శీలావతి, వాలుగ, జెల్ల.

2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద ఈ గేట్ల మీదుగానే పోయింది. ఆ రోజుల్లో నీళ్ళ దగ్గరికి రాలేదన్నాడు తాత, ఇంట్లో కూర్చుని వల అల్లుకున్నాడట.

మూడో విసురుకు రెండు జెల్లలు పడ్డాయి. ముళ్ళు గుచ్చుకోకుండా తల వెనక నొక్కిపట్టి వాటిని విడదీశాడు. వల కన్ను ఒకటి తెగింది. చేపల్ని బుట్టలో వేసి, చొక్కా జేబులోంచి దారం తీసి, ముందు ఆ తెగిన కన్నును ముడివేశాడు. నాలుగో విసురు ఆ తర్వాతే.