రాత్రికి చాలని తీగ

ఆమదాలవలసలో పగటిపూట 7 మెగాహెర్ట్జ్ మీద పిలిస్తే విశాఖ హామ్ రేడియో మిత్రుడు పక్క వీధిలోంచి మాట్లాడినట్టే పలుకుతాడు. రాత్రి ముదిరేకొద్దీ ఆ గొంతు సన్నగిల్లుతుంది. దూరదేశాలు మాత్రం దివ్యంగా వినిపిస్తాయి! పగలు మన తరంగాన్ని నెత్తిమీంచే కిందికి తిప్పి పంపే అయనావరణం, చీకటి పడ్డాక పలచబడుతుంది. చాలా రాత్రులు 7 మెగాహెర్ట్జ్ దాన్ని చీల్చుకుని పైకి పోతుంది. వంద కిలోమీటర్ల దూరం మాట్లాడాలంటే 80 మీటర్ల బ్యాండుకు దిగాల్సిందే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటిన జిల్లా మాది. రాత్రిపూట పనికిరాని యాంటెనాతో ఇక్కడ ఏం చేసుకుంటాం?

143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ యాంటెనా పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి ఇరవై, అంటే అటు పది, ఇటు పది. 80 మీటర్ల బ్యాండులోని 3.6కి దాదాపు నలభై. అంత దొడ్డి ఇప్పుడెవరికుంది? ట్యూనర్ పెట్టుకోమంటారు కొందరు. దాంతో రేడియో శాంతిస్తుంది గానీ, కేబుల్లో పవర్ వేడిగా కరిగిపోతూనే ఉంటుంది. నాకది నచ్చదు.

ఉన్న తీగను ఉంచి, రెండు కొసలా చెరో కాయిల్, దాని అవతల ఒకటి రెండు మీటర్ల తీగ కలపడం నా పద్ధతి. నీళ్ల పీవీసీ పైపు ముక్క మీద ఎనామిల్ తీగ చుడితే చాలు. దాదాపు 110 మైక్రోహెన్రీల కాయిల్ 7 మెగాహెర్ట్జ్‌కు గోడలా అడ్డుపడుతుంది, కాబట్టి పాత డైపోల్ పాతలాగే పనిచేస్తుంది. 3.6 దగ్గర మాత్రం కరెంటు కాయిల్ దాటి కొసతీగలోకి వెళ్తుంది. ఆ కొసతీగను మొదట కాస్త పొడుగ్గానే ఉంచాలి. మీటరు చూసుకుంటూ కొస వెనక్కి మడిచి దానికే మెలిపెట్టాలి. కట్టర్ తీయడం చివరి మాట. కొబ్బరిచెట్లకు కట్టేవాళ్లు ఒక కొసన కప్పీ వేసి ఇటుక వేలాడదీస్తే, చెట్టు ఊగినా తీగ తెగదు. కరెంటు లైన్ల ఛాయలకు మాత్రం పోవద్దు.

చిక్కొకటుంది. పొట్టి యాంటెనా కదా, 80 మీటర్ల మీద కొద్ది పదుల కిలోహెర్ట్జ్ మేరే చక్కగా పలుకుతుంది. మన బ్యాండేమో 3.5 నుంచి 3.7 దాకా. అందుకే కొస మడిచే ముందే, రాత్రి ఏ ఫ్రీక్వెన్సీ మీద కలుసుకోవాలో చుట్టుపక్కల హామ్‌లందరూ ఒక మాట అనుకోవాలి. అక్టోబరు దాకా ఆగకుండా, వేసవిలోనే.