గ్రావిటీ చూసే చేయి

తుఫానొస్తే ముందు పోయేది కరెంటు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసినవాళ్లకూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ గాలికి తలుపులేసుకుని కూర్చున్నవాళ్లకూ ఇది చెప్పనక్కర్లేదు. కృష్ణ పాయల నడుమ లంకల్లో స్తంభాలు మళ్లీ నిలబెట్టి లైను లాగేదాకా ఇంట్లో వెలుగు ఇన్వర్టరు బ్యాటరీదే. ముదినేపల్లి వైపు చేపల చెరువుల గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఆ బ్యాటరీని బతికించే మెకానిక్ గురించి ఎవరూ రాయరు.

పని చూడండి. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేణ్నీళ్లతో కడిగి, తుడిచి, వేజలైన్ పూస్తాడు. ఆరు మూతలూ విప్పి హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లులో యాసిడ్ పీల్చి దాని గ్రావిటీ చూస్తాడు. ఐదు సెల్లులు 1240 చూపించి ఒకటి 1150 దగ్గరే ఆగిందా, రోగం అక్కడే. మట్టం తగ్గితే పోసేది డిస్టిల్డ్ వాటరే; బోరు నీళ్లు పోస్తే ప్లేట్లు పాడు. "చార్జింగులో గ్యాస్ వస్తుందమ్మా, కిటికీ మూయకండి" అని ఇంటావిడకు చెబుతాడు. వరద నీళ్లొచ్చే ఇల్లయితే బ్యాటరీని బల్ల ఎక్కించందే కదలడు. నాకు బాగా నచ్చేది ఇదే.

12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ బాగుంటే ఒక ఫ్యానునీ రెండు ఎల్‌ఈడీ బల్బులనూ రాత్రంతా నడుపుతుంది. లిథియం బ్యాటరీ వస్తే నీళ్లు పోసే పనుండదు, నిజమే. కానీ ధర?

తుఫాను హెచ్చరిక వచ్చాక అందరూ ఒకేసారి పిలిస్తే ఆయన మాత్రం ఎక్కడికని వెళ్తాడు? దసరా లోపే పిలవండి. కూలి దగ్గర బేరమాడకండి.